ఈరప్ప బాగుచేసిన తుపాకి

ఈరప్ప కొలిమిలో బాగుపడిన తుపాకి ఏదైనా మూడు రోజులు దూలానికి వేలాడాల్సిందే. తుపాకి మీటకు తాడు కట్టి, ఆ తాడుకు ఇంట్లోని రుబ్బురోలు గుండు తగిలించేవాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో చట్నీ ఉండేది కాదు.

"పందుల్ని సంపే తుపాకికి నా రోలు గుండెందుకు? ఈ ఊర్లో ఇంగో రాయే దొరకల్యా?" అని భార్య భద్రమ్మ అరిచేది.

రాళ్ళకు కరువున్న ఊరేమీ కాదు. అయితే ఆ గుండు బరువు ఈరప్ప చేతికి తెలుసు.

పామిడికి నాలుగు మైళ్ళ దూరంలో, పెన్న ఒడ్డున ఆయన ఊరు. కమ్మరి. నాగళ్ళు, గుంటకలు, కొడవళ్ళు చేసేవాడు. తుపాకులు బాగుచేయడానికి 1949 నుంచి లైసెన్సు కూడా ఉంది. వేరుసెనగ చేలను పందులు పెళ్ళగిస్తాయి కాబట్టి కొందరు రైతుల దగ్గర గొట్టంలో మందు కూరి పేల్చే తుపాకులు ఉండేవి. వాటిలో నిప్పు పుట్టించే చిన్న రేకు టోపీ మీద పడి మందు అంటించే సుత్తిని గుర్రం అంటారు. చేతపట్టుకుని నడిచేటప్పుడు గుర్రాన్ని సగమే లేపి ఉంచుతారు. అప్పుడు మీట తగిలినా అది పడకూడదు. పాత తుపాకుల్లో గుర్రాన్ని పట్టి ఉంచే గంటు అరిగి, గుర్రం జారిపోతుంది. ఆ గంటును మళ్ళీ కోసి కుదర్చడంలో ఆయన్ను మించినవాడు చుట్టుపక్కల లేడు. మూడు రోజులు గుండు లాగినా సగం లేపిన గుర్రం పడకపోతేనే తుపాకిని బయటికిచ్చేవాడు.

వానలు మొండికేసిన 1961 సెప్టెంబరులో, పక్క ఊళ్ళో బావి నీళ్ళ వంతు దగ్గర తగాదా పడి బసప్ప అనే రైతు తుపాకి దెబ్బకు చచ్చిపోయాడు. తుపాకి అతనితో తగాదాపడిన శ్రీరంగప్పది. రెండు నెలల ముందే ఈరప్ప దానికి గంటు కోసి ఇచ్చాడు. "గట్టు మీద కాలు జారింది. సగం లేపిన గుర్రం దానంతట అదే పడింది" అని శ్రీరంగప్ప పోలీసులకు చెప్పాడు. అంటే తప్పు చేసింది మనిషి కాదు, తుపాకి. తుపాకిదైతే, దాన్ని బాగుచేసిన ఈరప్పది.

విచారణకు వారం ముందు శ్రీరంగప్ప తండ్రి చెన్నప్ప కొలిమికి వచ్చాడు.

"ఈరప్పా, గంటు సరిగా కుదర్లేదని ఒక్క మాట చెప్పు. నా కొడుకు బతుకుతాడు."

"మరి నేనేం కావల్లన్నా?"

"నిన్నేమన్నా ఉరి తీస్తారా? లైసెన్సు పోతే పోనీ. నాగళ్ళు చేసుకో."

"గంటు కోయడం రానోడి దగ్గరికి నాగలి మాత్రం ఎవరు తెస్తారన్నా?"

"మా ఊరోళ్ళు యా ఒక్కరూ నీ కొలిమి తొక్కరు, చూసుకో."

"తొక్కొద్దులే. కుదిరిన గంటును కుదర్లేదని చెప్పేకి నాకు నోరు రాదు."

అనంతపురం కోర్టుకు ఈరప్ప రోలు గుండును తువ్వాలులో మూటగట్టుకుని బస్సెక్కాడు. వాకిట్లో బంట్రోతు ఆపాడు.

"ఏమప్పా, ఈడ పిండి రుబ్బల్లనా?"

"ఈపొద్దు అబద్ధాన్ని రుబ్బల్ల. పక్కకు జరుగు."

జడ్జి అనుమతితో ఖాళీ తుపాకిని బల్ల మీదికి తెచ్చారు. ఈరప్ప గుర్రాన్ని సగం లేపాడు. తుపాకిని ఇద్దరు జవాన్లు పైకెత్తి పట్టుకున్నారు. మీటకు గుండు తగిలించి, ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కదిలించి చూడమన్నాడు, కదిలించారు. గుర్రం పడలేదు. తర్వాత గుండు తీసేసి, గుర్రాన్ని పూర్తిగా లేపి చిటికెన వేలితో మీట తాకాడు. టక్కున పడింది.

"పూర్తిగా లేపితేనే పడుతుంది దొరా. పూర్తిగా లేపేది మనిషి చెయ్యే, గట్టు లేపదు."

శ్రీరంగప్పకు యావజ్జీవ శిక్ష పడింది. తుపాకి బాగుచేసినవాడి మీద ఏ తప్పూ లేదని జడ్జి తీర్పులోనే రాశాడు. ఆ మాట చదివించుకుని విన్న ఈరప్ప మీసం సవరించుకుంటూ బయటికొచ్చాడు. మెట్ల దగ్గర బసప్ప భార్య తిప్పమ్మ ఉంది.

"నీ పనిలో లోపం ల్యాదని గెలిస్తివి కదా మామా. లోపమే ఉండింటే, ఆపొద్దు అది పేలకుండా ఉండేదేమో."

ఈరప్ప మీసం మీది చెయ్యి దించి మెట్లు దిగాడు. ఊరికి పోయి రెండు నెలలు తుపాకి ముట్టలేదు. చెన్నప్ప ఊరి నాగళ్ళూ రాలేదు. మూడో నెలలో తుపాకి పని మళ్ళీ మొదలుపెట్టాడు కానీ ఒక షరతు పెట్టాడు. బాగైన తుపాకిని మగవాడి చేతికివ్వడు. ఆ ఇంటి ఆడమనిషి వచ్చి తీసుకుపోవాలి.

అంజినప్ప అనే రైతు కొలిమి ముందే ఎగతాళి చేశాడు. "ధర్మవరం చీరైతే పెండ్లాన్ని పిల్చుకొస్తా గానీ, తుపాకికి ఆడదెందుకప్పా?"

"చీర కట్టేది నీ పెండ్లాం ఒక్కతే. ఇది పేలితే బొట్టు తీసేది యా ఇంటి ఆడదో నీకు తెలుసునా?"

అంజినప్ప రెండు రోజులు బెట్టుచేసి, మూడో రోజు భార్య రామక్కను తీసుకొచ్చాడు. ఆమె తుపాకిని అందుకుని నలుగురి ముందే అడిగింది: "పందులకేనా?"

"పందులకేనే."

"అయితే నా పెట్టెలో ఉంటుంది. పంది వచ్చినపుడు అడుగు, ఇస్తా."

కొలిమి దగ్గరున్నవాళ్ళు పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఈరప్పే. ఆ తర్వాత ఎవరైనా షరతు గురించి గొణిగితే, "జడ్జి నన్ను వదిలిపెట్టినాడు, తిప్పమ్మ వదల్లేదు" అని తల పైకెత్తి చెప్పేవాడు.

1962 నుంచి 1967 దాకా ఈరప్ప అరవై నాలుగు తుపాకులు బాగుచేశాడు. యాభై మూడింటిని ఆడవాళ్ళు వచ్చి తీసుకుపోయారు. మిగిలిన వాటి కోసం ఏ ఆడమనిషీ రాలేదు. ఒక్కోదానికి ఏడాది గడువిచ్చి, పామిడి ఠాణాలో అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు. ఆ రసీదులు పదకొండు.