మామ ముఖం మీది మచ్చలు

మొన్న మా వీధిలో కొత్తగా ప్రింటర్ కొన్న పెద్దమనిషి వచ్చి, ఇంట్లోనే మంచి ఫోటో ప్రింట్లు తీసుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్ మేలని అడిగాడు. మూడింటిని పక్కపక్కన పెట్టి చూసినవాణ్ణి కనుక, మదనపల్లెలో ఆ సంగతి చెప్పడానికి నాకంటే తగినవాడు లేడని ఆయన నమ్మకం. చెబుతున్నంతసేపూ నాకు మా మామ ముఖమే గుర్తుకొస్తూ ఉంది.

నిరుడు పుంగనూరులో ఉండే మా మేనత్తకు కళ్ల ఆపరేషన్ కుదిరింది. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేమని డాక్టరు ముందే అన్నాడు. అత్త ఏడవలేదు. "ఆస్పత్రికి పొయ్యేలోపల మీ మామను ఒకతూరి పెద్దగా సూడాలప్పా," అంది. మామ పోయి ఇరవై ఏళ్లు దాటింది. కురబలకోటలో గొర్రెలు మేపిన మనిషి, కెమెరా అంటే గిట్టదు. ఉన్నది ఒక్కటే ఫోటో, అరచేతంత. అది కూడా చెమ్మకు ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ఎందుకైనా మంచిదని ముందు సెల్‌ఫోన్‌తో ఒకటి తీసుకుని, మెల్లగా ఊడదీశాను. ఒక చెంప, సగం ముక్కు అద్దంతోనే ఉండిపోయాయి.

ఇక మిగిలింది ఫోన్‌లోని బొమ్మే. ప్రింటర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లో పెడితే మామ మసిబారినట్టు వచ్చాడు. రెండోది నెట్‌లో ఉచితంగా దొరికింది. కాగితం ఏ రకమో చెబితే దానికి తగ్గట్టు రంగులు సరిచేస్తుంది, కాకపోతే దాని మెనూలు నా బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టింది. మూడోది అన్నీ తానే చేసేసింది. ఒక్క నొక్కుతో గీతలన్నీ పోయి మామ నిగనిగలాడుతూ బయటికొచ్చాడు. భలే సంతోషమేసింది. కాసేపటికి అనుమానం వచ్చింది, మామ ముఖం మీద అమ్మవారు పోసిన మచ్చలేవని. అవి నుదుటి మీద కూడా ఉండేవా? పెదవులు ఇంత పలచనా? ఎంత తలుచుకున్నా ఆ కొత్త ముఖమే కళ్ల ముందుకొస్తోంది. అత్త చివరిసారిగా చూసుకోబోయేది ఎవరో పరాయివాణ్ణా?

రెండోదాంట్లోవి మామ మచ్చలో చెమ్మ మరకలో, అసలు ఏది మామో తేల్చుకోలేక, ఆ రెండింటి ప్రింట్లూ పట్టుకుని పుంగనూరు బస్సెక్కాను. అత్త వాకిట్లో ఎండకు కూర్చుని, నిగనిగలాడేదాన్ని ముక్కుకు ఆనించుకుని చూసింది.

"ఈయప్ప ఎవురు? యాల తెచ్చినావు?"

రెండోది అందించాను. దాన్నీ ముక్కు దాకా తెచ్చుకుని, మూలమూలా చూసింది.

"ఈడుండాడు సూడు," అంది చివరికి, కాగితం మీద వేలు పెట్టి. "ముక్కు మీద మచ్చలు గూడా వచ్చినాయే!"

కుప్పంలో ఆపరేషన్ అయింది. ఒక కంటికి చూపు నిలిచింది, రెండో కన్ను దక్కలేదు. వెళ్లినప్పుడల్లా, చిక్కిపోయానని అత్త నన్ను కోప్పడుతూనే ఉంటుంది.

పోయినవాళ్ల ముఖాలు మనలో భద్రంగా ఉన్నాయనుకుంటాం కానీ, కాలం రోజుకింత అరగదీస్తూనే ఉంటుంది, మనకు తెలియకుండా.