ఎదురుకాళ్ల పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. పొద్దున మేకలను తోలేసి వచ్చి, అరుగు మీద టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న మనిషి అట్లాగే పక్కకు ఒరిగిపోయిందట. పొదిలిలో మా అమ్మాయికి బడి జడలు వేస్తుంటే మా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. దొనకొండ వైపు బస్సు ఎన్నింటికో గుర్తు తెచ్చుకోబోయాను. ఎంతకీ గుర్తు రాలేదు.

ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. బంధువుల కంటే బయటివాళ్లే ఎక్కువ. మార్కాపురం పలకల గనుల్లో పనిచేసేవాళ్లు, లారీలకు మూటలెత్తేవాళ్లు, దోర్నాల రూటు డ్రైవర్ ఒకాయన. ఒకరి తర్వాత ఒకరు వంగి ఆమె కాళ్లకు దండం పెట్టుకుంటున్నారు. బతికుండగా ఎవరైనా ఆ పని చేస్తే పాదాలు చీర కుచ్చిళ్లలోకి లాక్కునేది. చూడలేక నేను పక్కకు తిరిగాను.

మా పెద్దమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అంటే తల్లి కడుపులోంచి తల కాకుండా కాళ్లు ముందు వచ్చాయి. అలా పుట్టినవాళ్లు కాలితో నొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని మా వైపు నమ్మకం. అందుకే ఆమెకు ఆ పేరు స్థిరపడిపోయింది. మా అమ్మకూ ఆమెకూ నాయన ఒక్కడే, తల్లులు వేరు. పెద్దమ్మను కన్నతల్లి ఆ కాన్పులోనే చనిపోయింది. తల్లిని మింగి పుట్టిందని చిన్నప్పుడు ఆమెను అననివాళ్లు లేరట. ఆ అన్నవాళ్లే నడుము పట్టేస్తే వచ్చి ఆమె అరుగు మీద బోర్లా పడుకునేవాళ్లు.

ఆమె కాదనేది కాదు. కాలు కడుక్కుని, గోడ పట్టుకుని, మడమతో మెల్లగా నొక్కేది. నోరు మాత్రం ఊరుకునేది కాదు. "బస్సును గుంతల్లో నువ్వు దింపితివి, బాగుచేసేది నేనా నాయనా?" అని ఆ డ్రైవర్‌ను ఆటపట్టించేది. అందరికీ చివర్లో ఒకటే మాట చెప్పేది: "నా కాళ్లల్లో ఏం లేదు. పోయి డాక్టర్‌కు చూపిచ్చుకో." వాళ్లు నవ్వేవాళ్లు. అది వినయం అనుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను.

ఇంత కలుపుగోలు మనిషి గర్భిణి ఉన్న ఇంటి గడప తొక్కేది కాదు. పెళ్లిళ్లకు ముందుండేది, సీమంతాలకు కనిపించేది కాదు. నా సీమంతానికీ రాలేదు. అరిటిపండ్ల గెల ఒకటి ఎవరి చేతనో పంపింది. ఆమెకు పిల్లలు లేరు కాబట్టి మనసు కష్టపెట్టుకుంటుందేమో అని మేమే సర్దిచెప్పుకున్నాం.

నాకు తొమ్మిదో నెల వచ్చాక స్కానింగ్‌లో బిడ్డ తల పైకి ఉందని తెలిసింది. డాక్టరమ్మ తన పిడికిలిని బిడ్డ తలలా పట్టుకుని చూపించింది. మామూలుగా ఈపాటికి తల కిందికి తిరగాలి. నా కడుపులో బిడ్డ పిర్రలు కిందికి పెట్టి, కాళ్లు పైకి చాపి కూర్చుంది. ఒంట్లో పెద్దది తల. అది ముందు వస్తే దారి చేసుకుంటుంది, వెనకాల వచ్చేది తేలిగ్గా వచ్చేస్తుంది. తల చివరికి మిగిలితే ఇరుక్కోవచ్చు, బొడ్డుతాడు నొక్కుకుపోవచ్చు. కొందరికి పొట్ట మీద చేత్తో ఒత్తి తిప్పి చూస్తారట, నాకు ఉమ్మనీరు తక్కువ కాబట్టి అదీ వద్దన్నది. నొప్పులు రాకముందే ఆపరేషన్‌కు రమ్మన్నది.

పురిటికి వచ్చి ఉన్న మా అమ్మ వాళ్లింట్లో ఈ మాట చెబితే, నన్ను చూడడానికి గిద్దలూరు నుంచి వచ్చిన మా అత్తగారి ముఖం వెలిగిపోయింది.

"ఎదురుకాళ్ల బిడ్డ ఇంట్లో పుట్టాలంటే రాసిపెట్టి ఉండాల. మీ మామ నడుము కోసం ఊళ్లెంబడి తిరిగే పని తప్పుతాది," అన్నది. "కోసి తీస్తే ఇంక కాళ్లు ముందొచ్చినట్ల ఎట్లయితాది? నొప్పులు రానీ, చూద్దాం."

ఆమె చెడ్డది కాదు. నిజంగానే అది వరమని నమ్మింది. నాకూ కత్తి అంటే భయం. రేపు మాపు అంటూ రోజులు జరుపుతున్నాం. మా అమ్మ ఉండబట్టలేక వాళ్లక్కకు ఫోన్ చేసింది. ఆ సాయంత్రమే పెద్దమ్మ మార్కాపురంలో బస్సు దిగి మా అమ్మ వాళ్లింటికి వచ్చింది. గర్భిణి ఉన్న ఇంట్లోకి ఆమె రావడం నేను చూసింది అదే మొదలు.

మంచినీళ్లు కూడా తాగకుండా మా అత్తగారి ఎదురుగా కూర్చుని కాళ్లు ముందుకు చాపింది.

"వదినా, ఈ కాళ్లను చూసేనా మీరు ఆశపడేది? ఇవి బయటికొచ్చినాయి, తల లోపల్నే నిలబడిపోయింది. పట్టుకోని గుంజినారంట. నేను బతికినా. మా అమ్మకు నెత్తురు ఆగల్యా. ఈ కాళ్లతోనే నేను మా అమ్మను తన్ని చంపినా. వరం అంటారేంది?"

మా అత్తగారు లేచి, నా ఆసుపత్రి సంచి తనే సర్దింది.

మర్నాడు పెద్దమ్మ నాతోపాటు డాక్టరమ్మ గదిలోకి వచ్చింది. నా పరీక్ష అయ్యాక, వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగి అడిగింది. "అమ్మా, బిడ్డలు ఎందుకు తిరగరు? మొండితనమా?"

డాక్టరమ్మకు ఈమె కథ తెలియదు. అయినా కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచి ఆకారం వల్ల కావచ్చు, మాయ అతుక్కున్న చోటు వల్ల కావచ్చు, నీరు ఎక్కువైనా తక్కువైనా కావచ్చు, చాలాసార్లు కారణమే దొరకదు. బిడ్డకు ఏమీ తెలియదు. అప్పుడు పెద్దమ్మ తన తల్లి సంగతి చెప్పింది. "తల ముందు వచ్చినా కొందరికి అలా రక్తం పోతుందమ్మా. ఆ రోజుల్లో ఆపడానికి మందు లేదు, ఎక్కించడానికి రక్తం లేదు. మీరు చేసిందేమీ లేదు," అన్నది డాక్టరమ్మ.

బయట బెంచీ మీద కూర్చుని పెద్దమ్మ తన పాదాలను చూసుకుంది. తర్వాత నా వైపు చూడకుండానే అన్నది. "నాకు పిల్లలు పుట్టే రాత లేదనుకుంటారు అందరూ. నేనే వద్దనుకున్నా పాపా. నాలాంటిదే పుడితే ఎట్ల అని మందులు మింగినా. మీ పెదనాయన పోయేదాకా చెప్పల్యా." చెప్పులు తొడుక్కుని లేస్తూ, "ఈ మాట చిన్నప్పుడే ఎవురన్నా చెప్పింటే," అన్నది.

డాక్టరమ్మకు పట్టింది పది నిమిషాలు కూడా కాదు. ఆ మాట ఒక ఆడమనిషికి అందేసరికి తల నెరిసిపోయింది. ఆమె నడుములు బాగుచేసిందో లేదో నాకు తెలియదు. ఆమె మీద మోపిన బరువును మాలో ఒక్కరమూ దించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియని కోపం.

ఆపరేషన్ బాగా జరిగింది. పాపను గుడ్డలో చుట్టి తెచ్చారు. కడుపులో ఎలా ఉందో బయటా అలాగే ఉంది. కాళ్లు మోకాళ్ల దగ్గర వంగకుండా నిటారుగా పైకి లేచి, పాదాలు చెవుల పక్కన ఉన్నాయి. కొన్నాళ్లలో అవే కిందికి దిగుతాయని నర్సు చెప్పింది. అప్పుడే పుట్టిన బిడ్డను ఏనాడూ ఎత్తుకోని పెద్దమ్మ చేతులు చాపింది. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఆ పాదాలను రెండు వేళ్లతో పట్టి మెల్లగా కిందికి దించింది. వదలగానే అవి మళ్లీ చెవుల దగ్గరికి లేచాయి. ఆమె నవ్వింది. మళ్లీ దించింది, మళ్లీ లేచాయి. నవ్వుతూనే ఏడ్చింది.

"మా అమ్మ ఒక్క పూట ఉండింటే, నావి కూడా ఇట్లనే చూసుకోని నవ్వేది గదా," అన్నది.