ఒడిబియ్యంలో పెప్పర్ స్ప్రే

సిద్దిపేట బస్టాండు దగ్గర నాకొక జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్ అనేది పేరుకే. దరఖాస్తులు నింపడం, టికెట్లు తీయడం, ఆధార్‌లో తప్పు పడిన పుట్టిన తేదీ సరిచేయించడం, అన్నీ అక్కడే. దుబాయ్ పోయేవాళ్ళు బోర్డింగ్ పాసు ప్రింటు కోసం వచ్చి మామిడికాయ తొక్కు కొంచవోవచ్చా, సర్వపిండి కొంచవోవచ్చా అని అడుగుతారు. వాళ్ళకు చెప్పీ చెప్పీ విమానం రూల్సు నాకు నోటికి వచ్చేశాయి. విమానాన్ని మాత్రం తల పైకెత్తి చూడడమే తప్ప ఎక్కింది లేదు. అందుకే మా చెల్లె విమానంలో పోతుందన్నప్పుడు ఇంట్లో అందరూ ప్రతిదానికీ నా మొహమే చూశారు.

చెల్లె ఎండాకాలం మొదట్లో అహ్మదాబాద్ నుంచి ఒక్కతే రైలెక్కి వచ్చింది. చేతిలో బట్టల సంచి ఉంది, పిల్ల లేదు. పోతే నువ్వు పో, పిల్ల మాది అని వాళ్ళత్త గుంజుకుందట. ఎడమ చెవిలోంచి చీము కారుతోంది. దవాఖానలో డాక్టరమ్మ లైటు పెట్టి చూసి, లోపల పొర చిరిగింది, ఎట్లా తగిలింది అని అడిగింది. బాత్రూంలో జారిపడ్డానంది చెల్లె. నాకు ఒళ్ళు మండిపోయింది. జారిపడలేదు, వాళ్ళాయన కొట్టిండు అని నేనే చెప్పాను. చెల్లె బల్ల కింద నా చెయ్యి గట్టిగా గిల్లింది. చెప్తే మాత్రం ఏమైంది, ఆ చెవి మళ్ళీ బాగుపడలేదు. కుడివైపు నుంచి పిలిస్తేనే పలికేది.

నా కిరాయి ఇంట్లోనే ఉంచుకున్నాను. వంటింట్లో గిన్నె జారి కిందపడితే చాలు, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకునేది. అది చూడలేక నేనే ఆన్‌లైన్‌లో పెప్పర్ స్ప్రే తెప్పించాను. బొటనవేలంత డబ్బా, ఎర్ర మూత. ఎట్లా కొట్టాలో నేర్చుకుందామని ఇద్దరం డాబా మీదికి పోయాము. నేను మూత తీసి మీట నొక్కానో లేదో గాలి ఎదురు తిరిగింది. పొయ్యిలో ఎండుమిరపకాయలు పడ్డట్టు ఒకటే దగ్గు, ఒకటే కన్నీళ్ళు. మా ఊరు కోహెడ నుంచి ఆ రోజే వచ్చిన, మమ్మల్ని కన్న మా అవ్వ కింద నుంచి, ఏం పోయేకాలం వచ్చిందే మీకు, అని తిట్ల దండకం ఎత్తుకుంది. చెల్లె కళ్ళు తుడుచుకుంటూ పడీ పడీ నవ్వింది. వచ్చినప్పటినుంచి అది నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత ఆ డబ్బాను దిండు కింద పెట్టుకుని పడుకునేది, నిద్ర కూడా పట్టేది.

వానలు పడ్డాక మరిది, అదే చెల్లె మొగుడు, వచ్చాడు. నేరుగా మా ఇంటికి రాలేదు, తెలివిగలవాడు. కోహెడకు పోయి పెద్దమనుషులను కూర్చోబెట్టాడు. మమ్మల్ని అక్కడికి పిలిపించారు. ఆలుమొగల కొట్లాట అద్దం మీద ఆవగింజ, ఎంతసేపు నిలుస్తది అన్నాడొక పెద్దమనిషి. చెవి పోయింది, అది ఏ ఆవగింజ కింద లెక్క అని నేనడిగితే, ఆడపిల్లవు నీకెందుకు నడుమ అన్నారు. మా బాపు తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి. అంత ఎత్తు మీద జంకనివాడు, ఆ పూట కింద కూర్చుని తల ఎత్తలేదు. మరిది లేచి తప్పైంది అన్నాడు. అందరి కాళ్ళూ మొక్కాడు. మొక్కి, జేబులోంచి ఫోను తీసి విమానం టికెట్లు చూపించాడు. 

ఇక చూడాలి ఆ సంబరం. ఫోను చేయి మారి చేయి మారి వాడకట్టంతా తిరిగింది. ఇప్పటిదాకా రైల్లో జనరల్ బోగీలో తిప్పిన మనిషి పెళ్ళాన్ని గాలిమోటర్ల కొంచవోతుండట, ఇంకేం గావాలె అన్నారు ఆడవాళ్ళు. విమానం ఎక్కించేవాడు చెయ్యి ఎత్తడని ఎవరు రాసిచ్చారో నాకు తెలియదు. మా బాపు కూడా తల ఎత్తి, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు మీద నాకు కోపం రాలేదు. ఆయనకు ఏదో ఒక ఆశ కావాలి, అది టికెట్టు రూపంలో కనపడింది.

తిరిగి సిద్దిపేట వచ్చేటప్పుడు బస్సులో చెల్లె, "పిల్ల ఆడున్నది గదక్కా" అన్నది. ఠాణాకు పోదామంటే, పోతే పిల్లను ఇక చూపించరని భయం. లాయరు దగ్గరికి పోదామంటే, అన్ని రోజులు పిల్ల ఎవరి దగ్గర తింటుంది, ఎవరి దగ్గర పడుకుంటుంది అని ఏడుపు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

ప్రయాణం దగ్గర పడ్డాక అవ్వ షాపుకు వచ్చి కూర్చుంది. ఆ కారం డబ్బాను విమానంలో కొంచవోనిస్తరా అని అడిగింది. కుదరదని చెప్పాను. చేతి సంచిలో ఎట్లాగూ కుదరదు. కింద సామానులో వేసే పెద్ద బ్యాగులోనైనా పెట్టుకోనిస్తారేమోనని ఆ విమానం కంపెనీ రూల్సన్నీ చదివాను, అక్కడా వద్దనే రాసి ఉంది. ఎందుకట్ల అంది అవ్వ. గాలిలో ఉన్నప్పుడు డబ్బా పగిలిందంటే లోపలున్న వాళ్ళందరికీ ఊపిరాడదు, తలుపు తీసుకుని బయటికి పోయే దారి ఉండదు కదా అని చెప్పాను. చెప్తూ చెప్తూ నేనే ఆగిపోయాను. రూలు మంచిదే, తప్పు పట్టడానికి లేదు. తలుపు తెరుచుకోని చోట అందరినీ కాపాడాలనే పెట్టారు. మా మరిది డ్యూటీకి పోయేటప్పుడు ఇంటికి బయటనుంచి తాళం వేసి పోతాడు. ఆ తలుపు గురించి ఎక్కడా ఏ రూలూ లేదు.

ఇంకో దారి వెతికాను. అహ్మదాబాద్ ఇంటి అడ్రసుకే ఆన్‌లైన్‌లో పంపిద్దామంటే, పార్సిల్ వస్తే విప్పేది వాళ్ళత్త. అక్కడే కొనుక్కోమందామంటే, చెల్లెకు కూరగాయలకు కూడా ఒక్కతే పోయే హక్కు లేదు. అవ్వ అన్నీ విన్నది. విని, కొంగుతో మొహం తుడుచుకుని, "పంపకపోతె ఆ పిల్ల దక్కదు. పంపితె ఈ పిల్ల దక్కదు. నేనేం జెయ్యాలె బిడ్డా, నువ్వు సదువుకున్నవు, చెప్పు" అన్నది. నేను కంప్యూటరు వైపు తిరిగాను. చదువుకున్న వాళ్ళకు తెలిసింది రూల్సు మాత్రమే.

డబ్బా ఇవ్వమని అడిగి తీసుకుంది అవ్వ, అలమారలో పెడతానంది. చెల్లె దిండు కింద నుంచి తీసి ఇచ్చింది. ఆ సంగతి నేను అంతటితో మరిచిపోయాను.

బయలుదేరే రోజు పొద్దున నా ఇంట్లోనే ఒడిబియ్యం పోశారు. మా దిక్కు పెళ్ళైన బిడ్డ అత్తగారింటికి పోయేటప్పుడు పుట్టింటివాళ్ళు ఒళ్ళో పసుపు బియ్యం పోసి పంపుతారు. అందులో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపుకొమ్ములు, రవికె గుడ్డ పెట్టి మూట కడతారు. బిడ్డ తన ఇంటికి పోయి దేవుని ముందు విప్పుకుని, ఆ బియ్యం వండి మొగుడికి, అయినవాళ్ళకు పెట్టాలి. నడుమ ఎవరూ చెయ్యి పెట్టరు. పుట్టిల్లు చల్లగా ఉండాలని, బిడ్డ కాపురం పచ్చగా ఉండాలని పోసేవి ఆ బియ్యం. బిడ్డ చెవి పగలగొట్టిన వాడి ఇంటికి కూడా అవే బియ్యం, అవే పాటలు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి పోసి పోయారు. మూట మాత్రం అవ్వ ఎవ్వరినీ కట్టనివ్వలేదు. లోపలి గదికి తీసుకుపోయి తానే కట్టుకొచ్చింది, ముడి మీద ముడి వేసి. "దారిల ఎవ్వలు అడిగినా ఇప్పకు బిడ్డా. నీ ఇంట్లకు పోయినంకనే ఇప్పుకో" అని మూటను పెద్ద బ్యాగులో బట్టల నడుమ తానే సర్దింది.

శంషాబాద్ దాకా కారు మాట్లాడుకున్నాము. ముందు సీట్లో మరిది, వెనక మేము ముగ్గురం. దారంతా మరిది మంచిగానే మాట్లాడాడు. ఒకచోట కారు ఆపించి చాయ తాగించాడు, చెల్లెకు కిటికీ పక్క సీటు ఇప్పిస్తానన్నాడు. ఇంత మంచిగా మాట్లాడగలిగే మనిషి ఇంట్లో ఎందుకట్లా ఉంటాడు అని అడగాలనిపించింది. అవ్వ ఒళ్ళో చెల్లె చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర టికెట్టు ఉన్నవాళ్ళనే లోపలికి పంపుతారు. చెల్లె అద్దం అవతలికి పోయి, ఒకసారి వెనక్కి తిరిగి, జనంలో కలిసిపోయింది. విమానం ఎగిరేదాకా కదిలేది లేదని అవ్వ పట్టుబట్టింది. ఆమెను కారులో కూర్చోబెట్టి నేను గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

చాలాసేపటికి మరిది ఒక్కడే గేటు దగ్గరికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు. గేటు దగ్గరి జవానుకు ఏదో చెప్పి నన్ను దగ్గరికి పిలిచాడు. కవరులో కుడుకలు ఉన్నాయి. ఎండుకొబ్బరి నూనె వస్తువు, అంటుకుంటుంది, అందుకని బ్యాగులో వేయనివ్వరట. మెషిన్లో కుడుకలు కనపడగానే ఇద్దరినీ పిలిచి బ్యాగు తెరిపించారట. మూట విప్పొద్దని చెల్లె బతిమిలాడిందట, వాళ్ళు వినలేదట. ఇన్నేళ్ళుగా అందరికీ రూల్సు చెప్తున్నాను, కుడుకల సంగతి నన్ను ఒక్కరూ అడగలేదు. నాకూ తెలియదు.

"బియ్యంల గిది గుడ ఎల్లింది వదినె" అని కవరులో చెయ్యి పెట్టి ఎర్ర మూత డబ్బా తీశాడు. దాని మీద ఇంకా పసుపు అంటుకుని ఉంది.

ఆ పొద్దు అవ్వ లోపలి గదిలో అంతసేపు ఏం చేసిందో అప్పుడు అర్థమైంది. ఒడిబియ్యం మూట మీద పరాయివాడు చెయ్యి వేస్తాడని ఆమె కలలో కూడా అనుకుని ఉండదు. పిచ్చి తల్లి, దేవుని ముందు తప్ప విప్పరని నమ్మి అందులో దాచింది. కుడుకలు లేకుండా ఒడిబియ్యం కట్టరు, ఆ కుడుకలే పట్టిచ్చాయి.

"అది నాది" అన్నాను. షాపు మూసి ఇంటికి వచ్చేటప్పుడు కుక్కలు వెంటపడతాయని కొన్నానని, పొరపాటున పడి ఉంటుందని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను.

మరిది కోపం చేసుకోలేదు. కోపం చేసుకుంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని, అక్కడున్న జవాను వినేవాడు. నవ్వాడు. లోపల ఆఫీసరు కూడా చెల్లెను అదే అడిగాడట, మొగుడు పక్కనే ఉండంగ నీకు గిదెందుకమ్మా అని. చెల్లె తల వంచుకుని నిలబడ్డదట. మరిది డబ్బాను నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు తానే మూశాడు.

"మీదైతె మీ దగ్గర్నే ఉంచుకోండ్రి వదినె. ఆమెకేం అవుసరం, నేనున్న గదా" అని కుడుకల కవరు కూడా నాకిచ్చి లోపలికి పోయాడు.

నేను అద్దం దగ్గరికి ఉరికి చెల్లె కోసం చూశాను, కనపడలేదు. పోవద్దు, బయటికి రా అని చెప్పడానికి ఫోను చేశాను. స్విచ్ఛాఫ్. జవానుకు చెప్పుకున్నాను, మా చెల్లెను ఒక్కసారి పిలవమని. టికెట్టు ఉందా అన్నాడు. ఆయన తప్పు కాదు, ఆయన రూలు అది.

కారు దగ్గరికి వస్తే అవ్వ నా చేతిలో కుడుకలు చూసింది. చూసి, మూట ఇప్పిన్రా అని కూడా అడగలేదు. "ఆయన సూసిండా" అన్నది. చూసిండు అన్నాను. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, సీటులో అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. దారిలో ఒకచోట మాత్రం, నా చేతులతోటి నేనే గట్టిన అన్నది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

మర్నాడు పొద్దున చెల్లెకు ఫోను చేస్తే మరిది ఎత్తాడు. మంచిగ చేరినం అన్నాడు. ఒడిబియ్యం వండింది, అందరం తిన్నం, మస్తున్నది అని అత్తమ్మకు చెప్పమన్నాడు. చెల్లెకు ఇవ్వమన్నాను. ఏదో చప్పుడు, దూరంగా పిల్ల మాటలు, ఆ తర్వాత చెల్లె ఊపిరి వినిపించింది. పిల్ల దొరికింది కదా అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. 

ఎట్లున్నవే, ఏమన్న అన్నడా అని అడగబోతుంటే దగ్గరి నుంచే మళ్ళీ మరిది గొంతు.

"మాట్లాడుండ్రి వదినె, స్పీకర్ల పెట్టిన. ఆమెకు ఆ చెవు ఇనవడది గదా."

అవ్వ నా మొహంలోకే చూస్తోంది. ఎర్ర మూత డబ్బా అలమారలో ఉంది, కుడుకలు దాని పక్కనే ఉన్నాయి. నేను తిన్నవా అని అడిగాను. తిన్న అక్కా అన్నది.