పన్నెండుకి తిరిగి వెళ్లని గడియారం

మా ఆవిడ పోయిన నెల ఏలూరు ఆసుపత్రిలో కన్నుమూసింది. మామూలు జ్వరమే అనుకున్నాం. వారం తిరగకుండానే అంతా అయిపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది చెరువుల రైతులు. వాళ్లలో చాలామందికి ఆమె పేరు తెలియదు. "సీడు బండిలో వచ్చే అమ్మగారు" అనే అన్నారు. అందుకే ఆ బండి గురించి రాస్తున్నాను. ఆమె గురించి విడిగా రాయడం నాకు చేతకాదు.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే దారిలో, కొల్లేరు అంచున మాకు చేపపిల్లల నర్సరీ ఉంది. చేపపిల్లలను మేం సీడు అంటాం. ప్లాస్టిక్ కవర్లలో నీళ్లు పోసి, పిల్లలను వదిలి, ఆక్సిజన్ పట్టి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండు వేస్తాం. ఆ క్షణం నుంచి వాటికి ఆ కవరులో ఉన్న గాలే గతి. నల్లజర్ల, జంగారెడ్డిగూడెం వైపు చెరువులకు ఎండ ముదరక ముందే చేర్చాలి. బండి దారిలో ఆగితే సీడు చచ్చిపోతుంది.

ఆమె బీఎస్సీ చదివింది. పెళ్లయ్యాక కొన్నాళ్లు స్కూల్లో సైన్సు చెప్పింది. నర్సరీ పెట్టాక మానేసింది. రబ్బరు బ్యాండ్లు చేతికి గాజుల పైన వేసుకునేది. లోడు అయిపోయాక మిగిలినవి బండి గేరు రాడ్డుకి తొడిగేది. డాష్‌బోర్డు గడియారాన్ని ఎప్పుడూ కొన్ని నిమిషాలు ముందుకు పెట్టేది. ఎందుకని అడిగితే, "మీరు సరైన టైముకే బయల్దేరతారండీ. సీడుకి అది చాలదు," అనేది.

మా పికప్ కొత్తరకం డీజిల్ బండి. ఇంజన్‌కి ఎంత డీజిల్ పోవాలో కంప్యూటర్ చూసుకుంటుంది. కొన్న కొత్తల్లో ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒక వేసవిలో ఉన్నట్టుండి మొదలైంది. గట్టు రోడ్డు మీద గతుకులో పడగానే ఇంజన్ ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకునేది. పసుపు లైటు వెలిగేది. వెనక నల్లటి పొగ. ఒక్కోసారి పూర్తిగా ఆగిపోయి ఎంతకీ స్టార్టయ్యేది కాదు.

ఆ లైటు వెలిగితే డ్రైవర్లందరూ చేసే పని ఒకటుంది. బ్యాటరీ టెర్మినల్ పీకి, కాసేపాగి మళ్లీ పెట్టడం. లైటు ఆరిపోతుంది. నేనూ అదే చేసేవాణ్ణి. ఆమెకు నచ్చేది కాదు.

"లైటు ఆరింది సరే. అది చెప్పబోయింది మనం విన్నామా?" అనేది.

ఒకరోజు నల్లజర్ల చేరకుండానే బండి ఆగిపోయింది. స్టార్టయ్యేసరికి ఎండ నెత్తి మీదకొచ్చింది. చెరువు గట్టున కవర్లు విప్పితే సగానికి పైగా పిల్లలు తెల్లగా పైకి తేలాయి. ఆ రైతు కేకలు వెయ్యలేదు. చచ్చిన వాటిని చేత్తో తీసి గట్టు మీద వేస్తూ, "ఇంకోసారి ఇలాగైతే మీ దగ్గర తేలేనండి. ఏమనుకోకండి," అన్నాడు. ఆ రోజు ఆమె కూడా నాతో ఉంది. ఇల్లు చేరగానే, "ఇక ప్రతి లోడుకీ నేనొస్తాను. ఆగినప్పుడు నేను చూడాలి. ఇంకోమాట, ఆ టెర్మినల్ ఎవరూ ముట్టుకోవద్దు," అంది.

అదే వారంలో పొల్యూషన్ పరీక్షకు ఏలూరులో పెట్రోలు బంకు దగ్గరున్న వ్యాన్‌కి తీసుకెళ్లాం. అందులో కుర్రాడు సైలెన్సరులో గొట్టం పెట్టి ఇంజన్ రెయిజ్ చెయ్యమన్నాడు. పొగ పరిమితి దాటింది. సర్టిఫికెట్ రాలేదు. అది లేకుండా రోడ్డెక్కితే పట్టుకుంటారు. సీజన్ చూస్తే నడుస్తోంది. వానలు పడి చెరువులు నిండుతున్నాయి. మెట్ట రైతులు ఇప్పుడు సీడు వెయ్యకపోతే ఆ ఏడాదికి ఇక వెయ్యరు.

ఏలూరులో మాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు. మనిషి నిదానం, మాట మర్యాద. తన మిషన్ తగిలించి చూశాడు.

"కంప్యూటర్‌లో ఏమీ లేదండి. అంతా ఖాళీ. మీరు టెర్మినల్ పీకినప్పుడల్లా తుడిచిపెట్టుకుపోయింది. ఇంజన్ తీరు అది నేర్చుకున్నదంతా పోయి, మొదటికొచ్చి నడుస్తంది. పొగకి అదే కారణం అయ్యుండొచ్చు."

"ఇప్పుడు పీకడం మానేశామండీ," అంది ఆమె. "అయినా గడియారం పన్నెండుకి వస్తోంది."

"ఏ గడియారమండి?"

"బండిలోది. నేను చూస్తూనే ఉన్నాను. గతుకులో పడి ఇంజన్ తడబడిన ప్రతిసారీ, కరెంటు పోయి వచ్చినట్టు, పన్నెండు సున్నా సున్నా. నేను ముందుకు పెట్టుకున్నది పోతోంది."

అతను చేతులు తుడుచుకోవడం ఆపాడు. "ఆయ్, అదేదో ముందే చెప్పొద్దాండి? నేను కంప్యూటర్ మార్చాలేమో అనుకుంటున్నాను."

"కంప్యూటర్ చెడితే గడియారం ఎందుకు ఆగాలండీ? దాని దారి దానిది కదా. రెండూ కలిసి పోతున్నాయంటే, రెండింటికీ కరెంటు వచ్చేచోట చూడాలి."

"చూద్దాం. కరెంటు వచ్చేచోట కాదండి, ముందు తిరిగి పోయేచోట చూద్దాం," అన్నాడతను. మీటరు తీసి ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్‌కి, ఇంకోటి బండి అడుగు చట్రానికి, అదే ఛాసిస్‌కి, ఆనించాడు. నన్ను స్టార్ట్ చెయ్యమన్నాడు. ముల్లు దాదాపు కదలకూడదట. ఇటునుంచి అటు లేచింది. బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ వైరును పట్టుకుని కదిపాడు. గడియారం ఆరి, పన్నెండుతో వెలిగింది.

"చూశారా, చూశారా," అంది ఆమె.

అతను కిందికి దూరి బోల్టు విప్పాడు. వైరు కొసన ఉన్న రింగు కింద, ఛాసిస్ మీద, నున్నగా నిగనిగలాడే నల్లరంగు. ఇనుముకి ఇనుము తగలాల్సిన చోట మందంగా పెయింటు. అన్నాళ్లూ బోల్టు మర మీద ఏదో కాస్త అంటుకుని నడిచిందన్నమాట.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకి బండిని ఫిట్‌నెస్ పరీక్షకి తీసుకెళ్లేముందు అడుగంతా నల్లరంగు వేయించడం మా వైపు అందరికీ అలవాటు. వెయ్యకపోతే బండిని చూసుకోవడం లేదనుకుంటారని భయం. ఆ వేసవి మొదట్లో మేమూ వేయించాం.

"రంగు ఎవరేశారో గాని," మెకానిక్ బండి కింద నుంచే నవ్వాడు, "పెళ్లికూతురికి పారాణి పెట్టినట్టు పెట్టారండి. వైరు విప్పదీసి మరీ వేశారు."

"వేయించింది నేనేనండీ," అంది ఆమె. "వాళ్లు వైరు చుట్టూ వేసి వదిలేస్తుంటే, విప్పి కింద కూడా వెయ్యమని దగ్గరుండి చెప్పాను. ఒక్క చోటా వదలొద్దన్నాను."

"అందుకేనండి, ఒక్క చోటా వదల్లేదు."

ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. "ఆ రైతు చచ్చిన చేపపిల్లల్ని ఒక్కొక్కటీ ఏరాడండీ," అంది నాతో, మెల్లగా. మళ్లీ మెకానిక్ వైపు తిరిగి, "ఉప్పుకాగితం ఇటివ్వండి. ఇది నేను గీకుతాను," అంది. ఆ గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకింది. అతను వద్దనలేదు. బోల్టు మాత్రం తాను బిగించాడు.

కొన్నాళ్లు మామూలుగా నడపమన్నాడు, కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవాలట. సర్టిఫికెట్ లేదు గనక లోడు లేకుండా మా గట్టు దారుల్లోనే నడిపాం. గతుకుల్లో కావాలనే పోనిమ్మనేది. కళ్లు గడియారం మీదే. అది ఆగలేదు. రెండోసారి పరీక్షలో పొగ పరిమితి లోపే వచ్చింది. సర్టిఫికెట్ చేతికి రాగానే నల్లజర్ల రైతుకి ఫోను చేసింది.

"ఈసారి పిల్లలు బతికుంటేనే తీసుకోండి. గట్టు మీద చూసుకున్నాకే."

అతను సరేనన్నాడు. ఆ రోజు కవర్లు విప్పుతుంటే ఆమె నీళ్లలో మోకాలి లోతున నిలబడింది. పిల్లలు నల్లటి మేఘంలా కదిలి లోపలికి వెళ్లిపోయాయి. ఆ రైతు ఇప్పటికీ మా దగ్గరే సీడు తీసుకుంటున్నాడు.

ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా ఆ బండిలోనే. ఆంబులెన్స్ కోసం ఆగలేదు. దారి పొడుగునా గతుకులే. ఒళ్లు కాలిపోతున్నా కళ్లు తెరిచి డాష్‌బోర్డు వైపు చూసింది. "నడుస్తోంది కదండీ," అంది. నడుస్తోందన్నాను. బండి ఎక్కడా తడబడలేదు. టైముకే చేర్చామన్నారు డాక్టర్లు. ఆ మాట నాకు ఎందుకు కావాలో నాకే తెలియదు, కాని దాచుకున్నాను.

పెద్దకర్మ అయ్యాక సీడు అడుగుతూ ఫోన్లు మొదలయ్యాయి. చెరువులు ఎవరి కోసమూ ఆగవు. పోయినవారం తెల్లవారుజామున బండి తీస్తే బ్యాటరీ ఇంజన్‌ను బరువుగా తిప్పింది. మార్చే వేళయింది, దారిలో మొరాయిస్తే లోడంతా పోతుంది. తాడేపల్లిగూడెంలో అప్పుడే తెరిచిన బ్యాటరీల కొట్టు దగ్గర ఆపాను. కొట్టాయన టెర్మినల్ మీద స్పానర్ పెట్టాడు.

"కాస్త ఆగండి," అన్నాను. "ముందు ఇంకో బ్యాటరీ పక్కన పెట్టి వైర్లు తగిలించండి. కరెంటు పోకూడదు."

"గడియారం కోసమాండి? మళ్లీ పెట్టుకుంటే సరిపోద్ది కదండీ."

"సరిపోదు."

ఆయన స్పానర్ పక్కన పెట్టాడు. లోపలి నుంచి వేరే బ్యాటరీ మోసుకొచ్చి తగిలించాడు. పాతది తీసి కొత్తది పెట్టేవరకు నేను డ్రైవర్ సీట్లో కూర్చుని చూశాను. గేరు రాడ్డు మీద రబ్బరు బ్యాండ్లు ఎండకి బిగుసుకుపోయి ఉన్నాయి. గడియారంలో అంకెల మధ్య రెండు చుక్కలు వెలిగి ఆరుతున్నాయి. కొట్టాయన బానెట్ దించాడు. చేతి గడియారం చూసుకున్నాను. డాష్‌బోర్డుది నాకంటే ముందే ఉంది. వెనక లోడు ఉంది. బయల్దేరాను.