పెద్దకర్మ నాడు పోయిన మనిషి

2003 అక్టోబరులో, పలాసలో కూర్చుని, అక్కుపల్లిలోని ఒక మనిషిని ఆయన పెద్దకర్మ నాడు చంపిన ఘనత నాది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. అయినా నేను మళ్లీ చంపాను. అదీ తప్పు రోజున, అదీ కెమెరా ముందు చక్కగా తల దువ్వుకుని. తెలివితక్కువ పనుల్లో నాకు అనుభవం లేకపోలేదు గానీ, ఇంటింటికీ వైరు లాగి మరీ అందించింది మాత్రం ఆ ఒక్కసారే.

అప్పట్లో కాశీబుగ్గ బస్టాండు వెనక ఒక లోకల్ కేబుల్ టీవీలో పనిచేసేవాణ్ణి. కింద జీడిపిక్కల గోడౌను, పైన మా కంట్రోల్ రూమ్. పేరు విని రాకెట్లు వదిలే చోటనుకోకండి. డాబా మీద డిష్‌లు పట్టిన సిగ్నల్‌ని కిందికి దింపి, మాడ్యులేటర్ అనే పెట్టెల్లోకి ఎక్కించి, ఒక్కో ఛానల్‌కి ఒక్కో నంబరిచ్చి వైరులోకి తోసే గది, అంతే. ఆ పెట్టెల్లో ఒకటి మా సొంత ఛానల్‌ది. దాని కోసం ఒక మూల నీలం తెర, ప్లాస్టిక్ పూల కుండీ, స్టాండు మీద కెమెరా. తెర ముందు కూర్చుంటే నేను న్యూస్ రీడర్ని, లేస్తే కెమెరామన్ని, వాన వెలిస్తే డాబా ఎక్కి డిష్‌లు తుడిచే మనిషిని. మా ప్రసారంలో సారం సంగతి నాకు తెలీదు, ప్రయాస మాత్రం అంతా నాదే.

రోజూ పొద్దున్నే నా కార్యక్రమం 'చరిత్రలో ఈ రోజు'. ముందు ప్రపంచం, తర్వాత దేశం, చివర మన ఊరు. ప్రపంచానికీ దేశానికీ నా దగ్గర లావుపాటి ఇయర్ బుక్ ఒకటి ఉండేది. మన ఊరికి మాత్రం జనమే సరుకు ఇచ్చేవారు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, వర్ధంతులు. ప్రపంచ యుద్ధం మొదలైన రోజని చెబితే ఒక్క ఫోనూ వచ్చేది కాదు. ఎవరి మనవరాలి పుట్టినరోజో మరిచిపోతే మాత్రం ప్రపంచ యుద్ధమే.

ఆ ఏడే మా లైను అక్కుపల్లి దాకా వెళ్లింది. అక్కడి నుంచి డేవిడ్ రాజు అని ఒక కుర్రాడు ఫొటో పట్టుకుని వచ్చాడు. గుజరాత్ బోట్లలో చేపల వేటకి వెళ్లి వస్తుండేవాడు. ఈమధ్యే బాప్తిస్మం తీసుకుని, పెళ్లి చేసుకుని, ఊళ్లో స్థిరపడ్డాడు.

"మా నాన్న ఫొటో ఏయాలి సార్. తుపానులో పోయేడు. ఆ దినాన సర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెడతన్నాం."

"తేదీ ఎంత?" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. తండ్రి పోయినప్పుడు తను గుజరాత్‌లో ఉన్నాడు. కబురు ఆలస్యంగా అందింది, తోవలో రైళ్లు ఆగిపోయాయి, ఇంటికి చేరేసరికి అన్నీ అయిపోయాయి. "తుపానొచ్చిన తేదీయే సార్. మీకు తెలీదేటి? రోజూ అయ్యే కదా సెప్తారు."

ఆ మాటతో నేను పడిపోయాను. తెలీదని చెప్పడానికి నోరు రాలేదు. ఇయర్ బుక్ తీశాను. 1999 అక్టోబరు 29, ఒడిశా తీరంలో పెను తుపాను. ఒడిశాకీ మనకీ మధ్య ఇచ్ఛాపురమే కదా అనుకుని, 'ఒడిశా తీరం' కొట్టేసి 'మన తీరం' అని రాసుకున్నాను. చరిత్రని తిరగరాయడమంటే ఇంత తేలికని నాకూ అంతవరకు తెలీదు.

నిజానికి ఆ అక్టోబరులో తుపాన్లు రెండు. దసరా రోజుల్లో ఒకటి ఉద్దానం కొబ్బరి తోటల్ని విరిచేసిపోయింది. దీపావళికి ముందు ఇంకోటి ఒడిశాని ముంచేసింది, దాని అంచు మనకీ తగిలింది. పుస్తకానికి పెద్దదే కనబడింది. దాన్ని అనడమెందుకు, నేనూ అప్పుడు పలాసలోనే ఉన్నాను. రెండు గాలులూ నా నెత్తి మీంచే పోయాయి. కరెంటు లేని ఆ రోజుల చీకట్లో రెండూ కలిసిపోయి నా బుర్రలో ఒకటే గాలి మిగిలింది. గాలిబుర్ర అంటే అదే కాబోలు.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున్న ఫొటో చూపించి గంభీరంగా చదివాను. "నాలుగేళ్ల కిందట ఇదే రోజు మన తీరాన్ని కుదిపేసిన తుపానులో కన్నుమూసిన అక్కుపల్లి వాస్తవ్యులు..."

ముగించానో లేదో ఫోన్లు. "దసరాకి కదయ్యా తుపాను?" అన్నారొకరు. "దసరా ఏటి బావూ, దీపావళి సామాను తడిసిపోతే నానే ఎండబెట్టినాను," అన్నారు ఇంకొకరు. మూడో ఆయన తన పెళ్లి పందిరిని ఎత్తుకుపోయిన తుపాను గురించి చెప్పడం మొదలుపెట్టారు. అది ఏ దశాబ్దందో ఆయనకే సరిగ్గా గుర్తులేదు. ఎవరి తుపాను వారిది. ఫోను పెట్టేసరికి నేను పుట్టింది ఏ రోజో కూడా నాకు అనుమానం వచ్చింది.

మధ్యాహ్నం బస్సు దిగి ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. కుర్చీ వేస్తే వద్దని నేల మీద కూలబడింది. పేరు నూకమ్మ, డేవిడ్ రాజు తల్లి. తిథి చూసుకోకుండా వచ్చేవాణ్ణి అతిథి అంటారట. ఈవిడ తిథి చూసుకునే వచ్చిన అతిథి అని తర్వాత తెలిసింది.

"నివ్వేనా బావూ, పొద్దున్న టీవీలో సెప్పినది?"

"నేనేనమ్మా."

"మా ఆయన ఈ దినాన పోయేడన్నావు."

"అవునమ్మా. తుపాను రోజు కదా..."

"ఈ దినాన నాను ఆయనకి పెద్దకర్మ సేసినాను బావూ. పందిరేసి, సుట్టాలకి ఇస్తళ్లేసినాను. గాలొచ్చి పందిరి ఎత్తుకుపోయింది. అన్నం గుండిగలో ఇసక పడిపోయింది. పెద్దకర్మ అయినోడు అదే దినాన మళ్లీ ఎలగ సచ్చిపోతాడు, సెప్పు?"

నా వృత్తి జీవితంలో నన్ను ఎవరూ ఇంత సూటి ప్రశ్న అడగలేదు. ఇయర్ బుక్ వైపు చూశాను. అది నోరు మూసుకుని ఉంది.

"మరి ఏ రోజమ్మా?"

"దసరా ముందు. అమ్మోరి అష్టమి నాడు. కొబ్బరి సెట్టు ఇరిగి మీద పడింది. ఈయేడు ఆ దినం అయిపోనాది. ఇంటికాడ దీపం ఎట్టీసినాను కూడాను."

కేలండర్ తిప్పాను. ఆ ఏడు అష్టమి అక్టోబరు నడిమిన. ఈ ఏడు నెల మొదట్లోనే వచ్చి వెళ్లిపోయింది. కొడుక్కి కావలసింది తేదీ, తల్లికి కావలసింది తిథి. సరైన రోజు చెప్పాలన్నా ఇప్పుడు ఏ రోజు చెప్పాలి? నేను వేళ్లు మడుస్తూ ఉంటే ఆవిడకి విసుగొచ్చింది.

"నీ లెక్కలు నాకొద్దు బావూ. మా రాజుగాడు ఏటంటన్నాడో తెలుసా? టీవీలో సెప్పినారు, నీకేటి తెల్సు అంటన్నాడు. నా మొగుడు ఏ దినాన పోయేడో నాకు తెలీదట. ఆ దినాన తలకాయ ఒళ్లో ఎట్టుకుని కూకున్నది నాను. నా మాట ఇనడు, నీ మాట ఇంటాడు. నివ్వే మళ్లీ సెప్పీ."

అప్పుడే మా ఓనరు పైకి వచ్చారు. జీడిపప్పు వ్యాపారం ఆయనదే, కింద గోడౌను ఆయనదే, పైన టీవీ ఆయనదే. మధ్యలో మెట్లు మాత్రం మాలాంటివాళ్లవి. సంగతి చెప్పి, రేపు సవరణ వేద్దామండీ అన్నాను.

"సవరణా? ఈవేళ తేదీ తప్పంటావు. రేపు వార్త తప్పంటారు. ఎల్లుండి నేనే తప్పంటారు. టీవీ అన్నాక ఒకసారి అంటే అన్నట్టే. తెల్సిందా?"

"ఆవిడ సొంత భర్తండీ..."

"ఏ దినాన పోతే ఏటయ్యా, పోయిన మనిషి తిరిగొస్తాడా?" అని, నూకమ్మ వైపు తిరిగి, "మామ్మా, వయసు మీదపడితే దినాలు కలిసిపోతాయి. ఏటీ అనుకోకు," అన్నారు.

ఆవిడ కొంగు దులుపుకుని లేచింది.

నాకు కూర్చోబుద్ధి కాలేదు. మోపెడ్ మీద ఆవిణ్ణి ఎక్కించుకుని అక్కుపల్లి వెళ్లాను. చర్చి ముందు షామియానా కింద కుర్చీలు వేస్తున్నారు. డేవిడ్ రాజు ఎదురొచ్చాడు. తప్పు నాదని, రోజు అది కాదని, మీ అమ్మే రైటని చెప్పాను. అతను చేతిలోని కుర్చీ కింద పెట్టాడు.

"పొద్దున్న టీవీలో ఈవేళే అన్నారు. ఇపుడు కాదంటన్నారు. ఇందులో ఏ మీరు నిజం సార్?"

"ఈ నేనే."

"అమ్మ ఏడిసి తీసుకొచ్చింది మిమ్మల్ని. నాకు తెలీదేటి? నిజమైతే టీవీలోనే సెప్పండి."

పాస్టరు గారు మధ్యలోకి వచ్చి, ప్రార్థనకి ఏ రోజైనా మంచి రోజే అని సర్ది చెప్పబోయారు. "రోజు మంచిదే అయ్యగారూ," అంది నూకమ్మ, "ఆయనది కాదు, అంతే." అని వెళ్లి ఒడ్డున పడవల దగ్గర కూర్చుంది. కూడిక జరిగింది. పాటలు ఆవిడకి వినబడుతూనే ఉన్నాయి. ఆవిడ మాత్రం రాలేదు. తెర మీద ఉన్న నన్ను నమ్మినవాడు, ఎదురుగా ఉన్న నన్ను నమ్మలేదు. తెర మీద ఉన్న నేనేమో పక్కనున్న పుస్తకాన్ని నమ్మాను. ఆ ఇంట్లో ఆ రోజు ఉన్న ఒకే ఒక్క మనిషిని మాత్రం ఎవరమూ నమ్మలేదు.

తర్వాత డేవిడ్ రాజు మళ్లీ గుజరాత్ వెళ్లాడు, వచ్చాడు. నూకమ్మ పలాస సంతకి వచ్చినప్పుడల్లా కింద నిలబడి, "సెప్పినావా బావూ?" అని కేకేసేది. "ఇంకా లేదమ్మా," అనేవాణ్ణి. గది కంట్రోల్ రూమే గానీ, కంట్రోలు నా చేతిలో లేదు.

మరుసటి ఏడు జూన్‌లో మా ఓనరు పుట్టినరోజు వచ్చింది. ఎన్నికల్లో నిలబడే ఆలోచనలో ఉన్నారు. చరిత్రలో తన రోజు కూడా ఉండాలన్నారు. ప్రపంచం, దేశం క్లుప్తంగా కానిచ్చి, మిగతా అంతా ఆయనే. లైవ్‌లో కేకు.

"ఫోన్-ఇన్ పెడదామండీ," అన్నాను. ఫోను స్పీకరు దగ్గర మైకు పెడితే అవతలి వాళ్ల మాట ప్రసారం అవుతుంది, దాన్నే మేం ఆ పేరుతో పిలిచేవాళ్లం. "నందిగాం నుంచి మీ అమ్మగారి చేత దీవెనలు ఇప్పిద్దాం."

"సెంటిమెంటు!" అన్నారాయన మురిసిపోయి. "తప్పకుండా పెట్టు."

ఆ పొద్దున్న ఓనరు తెల్లచొక్కాలో, మెడలో దండతో నీలం తెర ముందు కూర్చున్నారు. నేను నందిగాం ఫోను కలిపాను.

"అమ్మగారూ, ఈ రోజు మీ అబ్బాయిగారి పుట్టినరోజు. ఆ రోజు సంగతులు రెండు మాటలు చెప్పండి."

"ఈవేళేటి నాయనా? ఈవేళ ఆడి పుట్టినరోజని ఎవులు సెప్పినారు?"

ఓనరు నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం నా వైపు తిరిగాయి.

"అంటే, జూన్‌లో కదండీ..."

"జూనేటి! ఆడు కోతల్లో పుట్టేడు. మంచు పడతంది. ఆళ్ల నాన్న కళ్లం కాడ ఉంటే కబురెట్టినాం, పరిగెట్టుకొచ్చేడు. జూను అన్నది బడిలో మేష్టారు ఏసిన తేదీ. బడి తెరిసినపుడు జేర్చినాం, ఆయన అదే ఏసీసినాడు. కన్నది నానా, మేష్టారా?"

ఓనరు చేత్తో కట్ చెయ్యమని సైగ చేశారు. కేకు అనుకుని నేను కత్తి అందించాను.

ఫోన్లు మొదలయ్యాయి. మొదటివాడు ఆయన సొంత బావమరిది. "ఏటి బావా, ఇన్నాళ్లూ మేం తిన్న కేకులు ఎవరివి?"

పాట ఒకటి వేసి కెమెరా ఆపాను. ఆయన మొహం దండలోని పూల కంటే ఎర్రగా ఉంది. "సవరణ వెయ్యి! అర్జంటుగా. మా అమ్మకి వయసు మీదపడింది, దినాలు కలిసిపోతన్నాయి అని వెయ్యి."

"టీవీ అన్నాక ఒకసారి అంటే అన్నట్టే కదండీ," అన్నాను, వీలైనంత అమాయకంగా.

ఆయన కిటికీలోంచి, నూకమ్మ నిలబడి కేకేసే చోటు వైపు చూశారు. తను ఎవరి గురించి ఏం వెయ్యమన్నదీ అప్పుడే వినబడినట్టుంది.

"సవరణలు వేస్తే రెండూ వేస్తానండి," అన్నాను. "ముందు అక్కుపల్లిది."

"ఏదో ఒకటి వేసి ఏడు. కేకు మాత్రం కొయ్యనీ."

స్క్రోలింగ్ అంటే తెర అడుగున పరుగెత్తే అక్షరాలు. అందులో నూకమ్మ సవరణే ముందు ఎక్కించాను. అక్కుపల్లిలో ఆయన పోయింది దసరా ముందు అష్టమి నాడేనని, ఆ సంగతి ఆయన భార్యే చెప్పారని, మేం చెప్పింది తప్పని. కాసేపటికి అక్కుపల్లి నుంచి ఫోను. డేవిడ్ రాజు. "సూసినాం సార్. అమ్మకి సదివి ఇనిపించినాను. ఈయేడు అష్టమి ఏ తేదీ అవుద్దో సూసి సెప్పండి. కూడిక ఆ దినానే పెడతాం. అమ్మ కూడా వత్తానంటంది," అన్నాడు. చూసి చెబుతానన్నాను. ఆ తర్వాత ఏ ఇంటి రోజు చదవాలన్నా, ఆ రోజు ఆ ఇంట్లో ఎవరున్నారని ముందు అడగడం నాకు అలవాటైంది. ఇయర్ బుక్ ప్రపంచానికీ దేశానికీ మాత్రమే పరిమితమైంది.

రెండో సవరణ ఓనరు గారిది. ఆయన అమ్మగారి మతిమరుపు గురించి వెయ్యమన్నారు గానీ నా చేతికి అది రాలేదు. 'మా యజమాని గారు జన్మించినది వారి మాతృమూర్తి చెప్పిన కోతల కాలంలోనే. జూన్ అని ఇంతవరకు ప్రకటించినందుకు చింతిస్తున్నాము' అని కొట్టాను. పాట అయ్యాక కెమెరా మళ్లీ పెట్టాను, తెర మీద ఆయన నవ్వుతూ కేకు కోస్తున్నారు. కింద అది పరుగెడుతోంది. తెరకి ఎదురుగా కూర్చున్నవాళ్లందరికీ కనబడుతుంది, కెమెరా ముందు కూర్చున్న మనిషికి తప్ప.