దేవ్‌సింగ్ జీపూ, ఆదివారం టీవీ బొమ్మలూ

వానాకాలంలో చర్ల దారిన కిరాయి జీపు నడపడమంటే కత్తి మీద సామే. చండ్రుగొండ పక్క తండాలో పుట్టి, లారీ క్లీనరుగా మొదలై, భద్రాచలంలో స్థిరపడ్డ దేవ్‌సింగ్ ఏళ్ళుగా ఆ సాము చేస్తున్నాడు. బండికి గీత పడనివ్వడని పేరు. ఆ పేరు కాస్తా ఒక శ్రావణమాసంలో వాగు పాలైంది. వాగుకు అడ్డంగా కట్టిన చప్టా మీద నీళ్ళు పారుతున్నా దాటిపోదామనుకున్నాడు. సగంలో వెనక చక్రం జారి జీపు వాగులోకి ఒరిగింది. ప్రాణాలు దక్కాయి గానీ, కూరకు అమ్మే వెదురు కొమ్ముల గంపతో వెనక సీట్లో సంతకు వస్తున్న జంపక్కకు చెయ్యి విరిగింది.

జీపు బాగుపడింది. దేవ్‌సింగ్ మనసు బాగుపడలేదు. ఎక్కడ ఇద్దరు గుసగుసలాడినా తన గురించేననిపించేది.

జీపుల అడ్డా ఎదురుగా వెంకటప్పయ్య హోటల్. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆయన కొత్తగా టీవీ కొన్నాడు. ఆదివారం పొద్దున బొమ్మల సినిమా వచ్చేది. అందులో కారు కొండ అంచు దాటి గాలిలోనే పరుగెత్తుతుంది. నడిపేవాడు కిందికి చూశాకగానీ పడదు. పడి అప్పడమైనవాడు లేచి, ఒళ్ళు దులుపుకుని, చేతిలో మిగిలిన స్టీరింగు తిప్పుకుంటూ నడిచిపోతాడు. హోటలంతా ఒకటే నవ్వు. ఛాయ్ తాగుతున్న దేవ్‌సింగ్ వెనక నుంచి ఎవరో అన్నారు: "మన దేవ్‌సింగ్ గూడ గిట్లనే పడ్డడు."

మరుసటి ఆదివారం కారు నదిలో పడింది. దేవ్‌సింగ్ ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేనొచ్చిన యాళ్లకే గీ బొమ్మ ఎందుకేస్తున్నవ్?"

"అది ఢిల్లీ నుంచి వస్తుందయ్యా. నా చేతిలో ఏముంది?" అన్నాడు వెంకటప్పయ్య.

"మరి ఢిల్లీకి ఎవలు చెప్పిండ్రు?"

ఈసారి టీవీని వదిలేసి అతన్ని చూసి నవ్వారు.

తరువాతి వారం హోటల్లోకి వెళ్ళకుండా పాన్ డబ్బా చాటున నిలబడి కనిపెట్టాడు. తను లేకపోయినా కారు పడింది, జనం నవ్వారు. కొంత నెమ్మదించాడు. కానీ ఒక సంగతి కంట్లో నలుసులా మిగిలింది. ఆ కారులో నడిపేవాడు తప్ప ఇంకెవరూ లేరు. వెనక సీట్లో ఎవరైనా ఉంటే ఇంత నవ్వు వచ్చేదా?

అక్కడి నుంచి అనుమానం జంపక్క మీదికి మళ్ళింది. చెయ్యి అతుక్కున్నాక ఆమె ప్రతి సంతకూ వస్తోంది. అడ్డాలో వేరే జీపులున్నా ఇతని జీపే ఎక్కుతుంది. సరిగ్గా వెనక కూర్చుని, మాట్లాడకుండా ఇతని చేతులే చూస్తుంది. ఒకసారి పోలీసు క్యాంపు దగ్గర దిగింది కూడా. కేసు పెట్టడానికేనని అతను అనుకున్నాడు.

ఒక రోజు మళ్ళీ నీళ్ళెక్కిన చప్టాకు ఇవతల బండి ఆపి, వెనక్కి తిరిగాడు.

"జంపక్కా, నా మీద కేసు పెడుతున్నవా ఏంది?"

"కేసెందుకు?"

"మరి క్యాంపు కాడ ఎందుకు దిగినవ్?"

"మా చెల్లె ఇల్లు ఆడనే."

"గన్ని బండ్లుండంగ నా బండే ఎందుకెక్కుతవ్?"

జంపక్క చప్టా వైపు చూసింది. "ఆళ్లు ఇంకా పడలే. పడనోనికి భయముండదు. నువ్వైతే ఆపుతవ్."

దేవ్‌సింగ్ కూడా అటే చూశాడు. ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. మోకాలు దాటి లాగుతున్నాయి. తిరిగొచ్చి ఇంజను ఆపేశాడు. "జల్దీ పోవాలె" అని జీపులో తక్కినవాళ్ళు గొణిగారు. జంపక్క దిగి, బండరాయి మీద కూర్చుని మూట విప్పి జొన్నరొట్టె తినసాగింది.

నీళ్ళు తగ్గేదాకా అతను అద్దంలో ఆమెనే చూస్తూ ఉన్నాడు. 'ఆపుతవ్' అన్న ఆ మాట నమ్మాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.