జంట తగ్గింపు మీద యోగా శిబిరం

యోగా శిబిరానికి మొదటిసారి వెళ్లేవాళ్లు ఏం సర్దుకోవాలని నన్ను అడుగుతుంటారు. వదులు బట్టలు, ఒక దుప్పటి, ఒక తువ్వాలు అని చెబుతాను. తువ్వాలు కాస్త పెద్దదే పట్టుకెళ్లమంటాను. ఎందుకో వాళ్లకి చెప్పను. ఇక్కడ చెబుతాను.

ఏలూరులో మాది స్టీలు సామాన్ల కొట్టు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు పట్టుకుంటే డాక్టరు గారు యోగా చెయ్యమన్నారు. కైకలూరు దాటాక కొల్లేటి ఒడ్డున ఏడు రోజుల శిబిరం ఉందని తెలిసింది. ఫోనులో మేనేజరు గారు రుసుము చెప్పగానే, అలవాటు కొద్దీ నా నోరు లేచింది.

“ఇద్దరం వస్తామండి. జంటకి ఎంత చేస్తారు?”

“ఇదేం కొట్టు కాదండి.”

“కాదనే కదండీ మర్యాదగా అడుగుతున్నాను!”

పావుగంట లాగాను. ఆఖరికి ఆయన దిగారు. “సరేనండి, జంటగా రాసుకుంటాను. కాకపోతే జంటగా వచ్చినవాళ్లు జంటగానే వెళ్లాలి. మధ్యలో ఒకరు లేస్తే ఇద్దరి పేర్లూ కొట్టేస్తాం.”

నా కొట్టు గోడ మీద రాసి ఉన్న మాటే అది. సెట్టు విడగొట్టి వాపసు తీసుకోం. నా సరుకే నాకు అంటగడుతున్నారని అప్పుడు తోచలేదు. నాకసలు యోగా అక్కర్లేదనీ తోచలేదు. తగ్గించారు, అంతే.

బయల్దేరే రోజు బస్సులో మా ఆవిడ ఒకే ఒక్క మాట అంది. “ఏవండీ, అక్కడ ఏడు రోజులూ నన్నెవరూ పిలవరటండీ.” పాపం, భయపడుతోందనుకున్నాను.

చేపల చెరువుల మధ్య గట్టు మీద ఆటో దిగగానే ఫోన్లు తీసుకుని బిస్కట్ల డబ్బాలో పడేశారు. మగవాళ్లకి ఈ వైపు షెడ్డు, ఆడవాళ్లకి ఆ వైపు. మధ్యలో భోజనాల పందిరి. ఏడు రోజులూ మౌనం. మాట లేదు, సైగ లేదు. మీరితే ఇంటికే.

తెల్లవారుజామున నాలుగున్నరకి గంట కొట్టేవారు. ముందు జలనేతి. కొమ్ము చెంబుతో గోరువెచ్చని ఉప్పునీళ్లు ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి రావాలి. నాకు నోట్లోంచి వచ్చాయి. కూరల్లో ఉప్పు వెయ్యరు కాబట్టి, రోజు మొత్తం మీద నాకు తగిలే ఉప్పు అదొక్కటే. చెంబు రేకు మరీ పలచన. అతుకూ సరిగ్గా లేదు. ఆ మాట ఎవరితో అనను?

కూర్చోవడం నాకు నేర్పేదేమిటనుకున్నాను. బుద్ధెరిగినప్పటి నుంచి గల్లాపెట్టె ముందు బాసింపట్టు వేసుకునే కూర్చున్నవాణ్ణి. వెనకాల బాలీసు లేకపోతే నా నడుము పది నిమిషాలు కూడా ఆగదని అక్కడే తెలిసింది. ఒంటికాలి మీద నిలబడమన్నప్పుడు పక్కనున్న రొయ్యల వ్యాపారి మీద పడ్డాను. తిట్టడానికి వీల్లేక ఆయన పళ్లు కొరికాడు. ఎదురుగా చెరువులో కొంగ మాత్రం అరగంట నుంచి అలాగే నిలబడి ఉంది.

అన్నిటికన్నా కష్టం నోరు మూసుకోవడం. గట్టు చివర రోడ్డు మీద ఏలూరు బస్సు హారన్ వినిపించినప్పుడల్లా నా కాళ్లు వాటంతట అవే లేచేవి. రెండో రోజు మధ్యాహ్నం ఆఫీసు గదికి వెళ్లాను. అక్కడొక్కచోటే మాట్లాడనిస్తారు.

“నన్ను వదిలెయ్యండి బాబూ. మా ఆవిడ ఉంటుంది. తనకి పూర్తి రుసుమే కడతాను.”

“గేటు తీసే ఉందండి,” అన్నారు మేనేజరు గారు నవ్వుతూ. “అమ్మగారిని కూడా పిలిపించమంటారా?”

కిటికీలోంచి చూశాను. అవతలి షెడ్డు అరుగు మీద మా ఆవిడ కాళ్లు చాపుకుని నీళ్లకేసి చూస్తోంది. చేతులు రెండూ ఒళ్లో ఊరికే ఉన్నాయి. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. బస్సులో తను అన్నది భయంతో కాదని అప్పటికి బుర్రకెక్కింది.

“ఇప్పుడొద్దు లెండి,” అని వచ్చేశాను. కానీ ఒక్కసారి తననే అడిగి చూద్దామన్న ఆశ చావలేదు.

మా మామగారు పశువుల సంతలో దళారి. ధర పదిమందికీ తెలియకుండా, తువ్వాలు కప్పి అవతలివాడి వేళ్లు పట్టుకుని బేరం చేసేవారు. ఎన్ని వేళ్లు పడితే అంత. చిన్నప్పుడు ఆయన పక్కనే కూర్చున్న మా ఆవిడ, పెళ్లయిన కొత్తలో నాకూ నేర్పింది.

మూడో రోజు సాయంత్రం భోజనాలయ్యాక కంచాలు కడిగే కుళాయి దగ్గర తన పక్కకి చేరాను. భుజం మీది తువ్వాలు మా చేతుల మీదకి జార్చి, గేటుకేసి ఒక చూపు చూసి, తన వేలు ఒకటి పట్టుకున్నాను. ఇంకొక్క రోజు ఉండి ఇంటికి వెళ్లిపోదామని.

తను నా నాలుగు వేళ్లూ ఒడిసి పట్టింది. మిగిలిన రోజులన్నీ.

రెండు చేశాను. నాలుగు. మూడు చేసి, ఇదే ఆఖరన్నట్టు నొక్కాను. నాలుగు. మొహం కుళాయి వైపే ఉంది, ఏమీ ఎరగనట్టు. కానీ తడి వేళ్ల పట్టు ఈసారి ముందంత బిగువుగా లేదు. ఇంకొంచెం లాగితే ఏ గిరాకీ చెయ్యి వదిలేస్తుందో నాకు తెలుసు. నేను లాగితే తనూ వదిలేస్తుంది. మారు మాట్లాడకుండా దుప్పటి మడతపెట్టుకుని నా వెనకాల బస్సెక్కుతుంది. మళ్లీ జన్మలో ఏడు రోజులు అడగదు.

తన నాలుగు వేళ్లూ పట్టుకున్నాను.

చెయ్యి వదులుతూ అరచేతిలో ఏదో పెట్టింది. షెడ్డులోకి వెళ్లి విప్పి చూస్తే కాగితం పొట్లం, లోపల చిటికెడు ఉప్పు. జలనేతి డబ్బాలోంచి తీసినట్టుంది. బేరం గెలిచి, అడక్కుండా కొసరు వేసినవాళ్లని మా బజారంతటిలోనూ నేను చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం సొరకాయ కూర మీద సగం చల్లుకున్నాను. మిగతా సగం మూడు రోజులకి సర్దుకోవాలి.